చెరిపించి చేయించుట



మన ఇండ్లలో పాతనగను క్రొత్తనగగా మార్పించుకొను పనికి స్త్రీలు వాడెడి మాట యొకటి కలదు. "కరిగించి చేయించుకొన్నాము" అని వారు సాధారణముగా అనరు. "చెరిపించి చేయించుకొన్నాము" అందురు. నిప్పులలో పడి కరగునది బంగారమే యైనను, చెరిగిపోవునది నగ యని ఆ మాటను మొదట పలికిన ఇల్లాలికి చక్కగా తెలిసియుండవలెను. పలకమీది అక్షరమును చెరిపి ఆ పలకమీదనే మరియొక అక్షరమును దిద్దినట్లు, నిన్నటి ముగ్గును చెరిపి ఆ వాకిటనే నేటి ముగ్గును పెట్టినట్లు, ఒక తరము మెడలో ముచ్చటపడి వేసికొన్న రూపమును తుడిచివేసి, ఆ పసిడితోనే మరియొక తరము తన ముచ్చట తీర్చుకొనుట ఈ పని. నేను స్వర్ణకారుడను కాను, వర్తకుడను కాను. బడిపంతులుగా జీవితము గడిపి విశ్రాంతి పొందినవాడను. అయినను బందరు ప్రాంతపు పల్లెలోని మా యింట ఒక్క బంగారమే మూడు రూపములు తాల్చుట కన్నులార చూచినవాడను గనుక, ఈ ప్రసంగమునకు ఆ పాటి అధికారము చాలునని తలచుచున్నాను.

ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు బోధించుచు, ఒక్క బంగారు ముద్దను తెలిసికొన్నచో బంగారముతో చేసినవన్నియు తెలిసినట్లే యనియు, రూపభేదములు నామమాత్రము లనియు చెప్పెను. నాటినుండి నేటివరకు వేదాంతము చెప్పు ప్రతివారును కంకణము, కుండలము, హారము అను మూడింటిని ఎత్తుకొని, పేర్లు వేరైనను ఉన్నది బంగార మొక్కటే యని నిరూపించుచునే యున్నారు. మా నాయనమ్మ పురాణకాలక్షేపమునకు ఒక్కనాడును మానక పోయి, ఈ దృష్టాంతమును భక్తితో విని, అవునవునని తల యూచి, ఇంటికి వచ్చి, మెడలోని కాసులపేరు తీసి పెట్టెలో పెట్టి, తాళము వేసి, ఆ తాళమును మరల ఒకమారు లాగి చూచుకొని గాని నిద్రించెడిది కాదు. ఉద్దాలకుని మాటయందు ఆమెకు సందేహము లేదు. తన కాసులపేరునకు మాత్రము ఆ మాట వర్తింపదని ఆమె నమ్మకము.

ఆ కాసులపేరున 21 కాసు లుండెడివి. ఈ కాలమున లక్ష్మీదేవి బొమ్మతో పలుచని రేకుపై అచ్చొత్తి కాసులని అమ్ముచున్నారు. అవి అట్టివి కావు, అచ్చపు సవరనులు. సవర నొక్కటి ఎనిమిది గ్రాములకు వెండ్రుకవాసి తక్కువ తూగును. వన్నె 22 క్యారెట్లు. అందు మేలిమి బంగారము 7.32 గ్రాములు. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు మన దేశమున సవరను 15 రూపాయలకు చెల్లుబడి యయ్యెడిది. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, అయిదవ జార్జి, వీరందరును మా నాయనమ్మ ఱొమ్ముమీద వరుసగా కొలువుతీరి యుండెడివారు. 1918లో ఆ యొక్క యేడు మాత్రము బొంబాయి టంకశాలలోను సవరనులు ముద్రించిరి. నాణెము వెనుకవైపున గుఱ్ఱముకాళ్ళ క్రింద 'ఐ' అను ఆంగ్లాక్షరము సన్నముగా ఉండుట వాని గురుతు. మా యింటి కాసులలో అట్టిది యుండెనో లేదో చెప్పజాలను. చెరిపించిన నాడు తూకము చూచితిమి గాని, గుఱ్ఱముకాళ్ళ క్రింద ఏమున్నదో ఎవ్వరమును చూడలేదు.

ప్రసంగవశమున ఒకమాట. 1921లో గాంధీమహాత్ముడు బెజవాడ సభలకు వచ్చి తిలక్ స్వరాజ్యనిధికి జోలె పట్టినపుడు మన స్త్రీలు గాజులు, గొలుసులు ఒలిచి ఇచ్చిరి. అప్పటికి క్రొత్తకోడలైన మా నాయనమ్మ అత్తగారి చాటున ఒక్క ఉంగరము పంపినదట. ఆయన నగలు పుచ్చుకొనుచు స్త్రీలకు ఒక నియమము పెట్టెడివాడు: ఇచ్చినదానికి బదులు మరల చేయించుకొనరాదు. చెరిపించిన పిమ్మట చేయించుట యుండునని నమ్మిన జాతికి ఇది చిన్న నియమము కాదు. తిరుపతి వేంకటేశ్వరునికి నిలువుదోపిడి ఇచ్చి కొండ దిగిన ఇల్లాలు సైతము, మరుసటి పంటకు ఏ నగ చేయించుకొనవలెనో దారిలోనే ఆలోచించుకొనుట కలదు. స్వామి దానికి అభ్యంతరము చెప్పినట్లు వినలేదు.

ఆ కాసులపేరునకు మెడవెనుక తగిలించు కొక్కె మొకటి యుండెడిది. అది వదులైనపుడెల్ల నాయనమ్మ దానిని నోటపెట్టి పంటితో నొక్కి బిగించెడిది. 22 క్యారెట్ల బంగారము మెత్తనిది, పంటికి లొంగును. అందుచేతనే వజ్రములు పొదుగువారు అది పట్టు నిలువదని 18 క్యారెట్ల బంగారము కోరుదురు. ఏండ్లతరబడి నొక్కగా నొక్కగా ఆ కొక్కెముమీద ఆమె పంటిగాట్లు సన్నని చుక్కలుగా నిలిచినవి.

1971లో ఆమె కాలము చేసినది. కూతుండ్రు లేరు, ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడండ్రు. ఒక్కొక్క కోడలికి ఏడేసి కాసులు వచ్చినవి. పెద్దకోడలు గనుక కొక్కెము మా అమ్మపాలు పడినది. ఏడు కాసులు మెడకు చాలవు, పెట్టెలో పెట్టిన వృథా; కాన రాబోవు కోడలికి, అనగా నాకు భార్యగా రానున్న యామెకు, రెండుపేటల గొలుసు చేయించవలెనని అమ్మ నిశ్చయించినది. ఏడు కాసులు కలసి దాదాపు 56 గ్రాములు, నాటి లెక్కలో ఐదు తులములకు తక్కువ.

గొలుసు చేయించు దినమున మా అరుగుమీద మా యింటి కంసాలి ఆచారిగారు కుంపటి పెట్టిరి. శుక్రవారము కాకుండ, అమావాస్య కాకుండ అమ్మ చూచి పెట్టిన దినమది. మొదట చిన్నత్రాసులో తూచి, కాసులకు అతికించిన కొండ్లను వేరుచేసి, ఒరగల్లుమీద గీసి వన్నె చూచి, పిమ్మట మట్టిమూసలో వేసి బొగ్గులనడుమ నిలిపి, ఊదుగొట్టముతో ఊదసాగిరి. బంగారము కరగవలెనన్న 1064 డిగ్రీల వేడి కావలెనని నేను కళాశాలలో చదివియుంటిని. ఒక వృద్ధుని ఊపిరితో ఆ వేడి పుట్టుట ఆనాడే చూచితిని. విక్టోరియా రాణి మొదట ఎఱ్ఱబడెను, ముఖము మెత్తబడెను, ముక్కు జారెను, చూచుచుండగనే రాణియు రాజులును ఒకరిలో నొకరు కలసిపోయిరి. వెలిగారము చల్లగా మాలిన్యము అంచులకు తొలగి, మూసనడుమ కంటిపాపవంటి కాంతి ఒకటి గిఱ్ఱున తిరిగినది. నూనె పూసిన ఇనుప అచ్చులో ఒంపగా గుప్పున మంట లేచి ఆరినది. తరువాత మిగిలినది చిటికెనవ్రేలంత పసుపుకడ్డీ. మా అమ్మయు పినతల్లులును కుంపటి చుట్టు కూర్చుండి, అంతసేపును రెప్పవేయక చూచిరి. ఆ చూపులో సగము అనుమానము; తక్కిన సగమేదో నాకు అప్పుడు తెలియలేదు.

అనుమానమునకు కారణము జగద్విదితమే. కంసాలి తల్లి బంగారమునైనను దొంగిలింపక మానడని మనలో ఒక సామెత యున్నది. చేతివాటము గలవారు ఏ వృత్తిలో లేరు? కాని ఈ సామెతలో కంసాలి నేరముకంటె గృహస్థుని గణితలోపము హెచ్చుగా కనబడుచున్నది. నగ యనునది ఒక్క బంగారము కాదు. అతుకుటకు వాడిన పొడి తక్కువ వన్నెది; ఏలయన అది నగకంటె ముందుగా కరగినగాని అతుకు పడదు. గొలుసులోని ప్రతి వలయమునకును ఒక అతుకు. బోలు నగలలో లక్క నిండియుండును. పట్టుదారము, చెమట, నలుగుపిండి, నలుబదియేండ్ల పసుపుకుంకుమలు చేరి తూకము పెంచును. నూరు గ్రాములు తూగిన పాతనగ కరగిన పిమ్మట 98 గ్రాములైనదనుకొందము. అతుకులన్నియు కలిసిన ఆ ముద్ద వన్నె నూటికి 88 పాళ్ళు మాత్రమే తేలినదనుకొందము. అందలి మేలిమి 86 గ్రాముల పైచిలుకు. దానితో నేటి 22 క్యారెట్ల నగ చేసినచో 94 గ్రాములే యగును. ఆరు గ్రాములేవీ యని ఇల్లాలడుగును. ఎవ్వరును తీయలేదు, అవి మొదటినుండియు లేవు. మొదట చేసినవాని పాపమో, లోపమో, చెరిపినవాని నెత్తిని పడును. ఇంతకును మనము అతనికిచ్చిన మజూరీ యెంత? కూలి కడుపునకు చాలనీయక, తరుగులో సరిపెట్టుకొమ్మని లోకమే కనుసైగ చేసి, పిదప దొంగ యనుట గురివింద తన నలుపు నెఱుగని చందము.

నాటి భయము మరియొకటి గలదు. చైనాతో యుద్ధము జరిగిన కొలదిదినములకే, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థికమంత్రిగా నుండగా, స్వర్ణనియంత్రణ నిబంధనలు వచ్చి, 14 క్యారెట్లకు మించిన వన్నెగల నగలు చేయరాదనినవి. మేలిమిని పదహారు వన్నెలని లెక్కించు మన పెద్దల మానమున అది తొమ్మిదివన్నెల చిల్లర. పదునాలుగు వన్నెలు దాటిన కాసుల నలవాటుపడిన మెడలు ఆ పాలిపోయిన పసిడిని ముట్టనొల్లలేదు. పనిలేక ఎందరో స్వర్ణకారులు కుంపట్లార్పి ఇతరవృత్తులు వెదకికొనిరి. 1966లో ఆ పరిమితి తొలగినను, 1968లో చట్టమే వచ్చి 1990వరకు నిలిచినది. దాని క్రింద గృహస్థుడు నగ యుంచుకొనవచ్చును గాని, కడ్డీ రూపమున బంగారము దగ్గర పెట్టుకొనుట నేరముగా నుండెడిది. అనగా, ఆనాడు మా అరుగుమీద పాతనగకును క్రొత్తనగకును నడుమ ఆ పసుపుకడ్డీ ఉన్నంతసేపు, మా యింట నేరమున్నదన్నమాట. ఆచారిగారు దానిని దాగలిమీద పెట్టి కొట్టుట మొదలుపెట్టినగాని మా నాయన వీధివైపు చూచుట మానలేదు. ఉద్దాలకునికి నామరూపములు లేని బంగారమే సత్యము. ప్రభుత్వమువారికి అదియే అపరాధము.

కొట్టి సాగదీసిన కడ్డీని కమ్మచ్చు కన్నములలో ఒకదానికంటె ఒకటి సన్నని దానినుండి లాగి తీగ చేసి, ఆ తీగను వేరొక కడ్డీకి చుట్టి కోసి వలయములు చేసి, ఒకదానిలో నొకటి తొడిగి అతికి, చింతపండుతో కడిగి మెరుగుపెట్టి, పదునైదు దినములకు గొలుసు తెచ్చి ఇచ్చిరి. కొక్కెమును కూడ మూసలో వేయుటకు ఆచారిగారు చేయి చాపినపుడు అమ్మ పిడికిలి విప్పలేదు. "అది మా అత్తగారి పన్ను" అన్నది. ఆ పాతకొక్కెమునే గొలుసునకు తగిలించిరి. ఉన్న బంగారము కొరత పడరాదని, గురిగింజ యెత్తు క్రొత్త బంగారము కూడ అమ్మ కలిపించినది. చెరిపించునపుడు పిసరంతయైనను చేర్చవలెను గాని తగ్గింపరాదని నాయనమ్మ చెప్పియున్న మాట.

ఇప్పటి రీతి వేరు. పాతనగ తీసికొని అంగడికి పోయినచో, దానిని తూచి, ఎక్సురే యంత్రములో పెట్టి క్షణములో వన్నె చెప్పి, ఆనాటి ధరకు కట్టి, ఆ మొత్తమును క్రొత్తనగ ధరలో మినహాయించి ఇచ్చెదరు. సౌకర్యమే; కాదనను. కాని దీనిని చెరిపించి చేయించుట యనరాదు, ఇది మార్పిడి. మీ బంగారము మీకు రాదు. మీ నాయనమ్మ కాసులు ఏ యూరి పెండ్లికూతురి గాజులలో చేరునో, మీ మెడలోనికి ఏ యింటి దుఃఖము వచ్చునో ఎవరికి తెలియును? వేదాంతికి ఇందు దోషము కానరాదు, బంగారము బంగారమే. అయినను మార్పిడికి పోవువారు, ఇది అమ్ముట, అది కొనుట యని తెలిసి పోవుట మంచిది. ఆ యంత్రము పైపొరను మాత్రమే చూడగలదనియు, లోపలి కల్తీని అది పట్టలేకపోవచ్చుననియు కూడ తెలిసియుండవలెను. నిశ్చయమైన పరీక్ష అగ్నిపరీక్షయే: చిటికెడు బంగారమునకు వెండి చేర్చి, సీసపురేకులో చుట్టి, ఎముకలబూడిద మూసలో పుటము పెట్టగా హీనలోహములను మూస త్రాగివేయును, మిగిలినదానిలోని వెండిని ద్రావకము కరిగించును, చివరకు నిలుచునది మేలిమి. పుటము పెట్టిన బంగారము అని మనము మనుష్యులనుగూర్చి వాడు మాట ఇందుండి పుట్టినదే. 2000 సంవత్సరమున మొదలై, 2021 జూన్ నుండి జిల్లాలవారీగా నిర్బంధమైన హాల్‌మార్కు ముద్రవలన ఇప్పుడు 916 అను అంకెయు, ఒక్కొక్క నగకు ఆరక్షరముల ప్రత్యేకసంఖ్యయు వచ్చి, కొనువానికి కొంత రక్ష కలిగినది. ఆ ముద్ర వేయు కేంద్రములలో సామాన్యుడు తన పాతనగ వన్నెను పరీక్షింపించుకొనుటకును వీలున్నది. అంగడికి పోకముందే ఆ పని చేయుట తెలివి.

తరుగు మాత్రము తరుగలేదు. నేడు కంప్యూటరులో రూపము గీసి, దానిని మైనపుబొమ్మగా తీసి, చుట్టును అచ్చు పోసి, మైనమును కరిగించి వెడలగొట్టి ఆ ఖాళీలో బంగారము పోయుచున్నారు. ఇది పాశ్చాత్యుల క్రొత్తవిద్య యని కొందరు మురియుచున్నారు గాని, మన వారు దీనికి మధూచ్ఛిష్టవిధానమని పేరు పెట్టిరి. 12వ శతాబ్దమునందు చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమున, ప్రతిమలు పోతపోయు సందర్భమున, దీనిని వర్ణించియున్నాడు. ఈ పద్ధతిలో నేల రాలునది అత్యల్పము, రాలినదియు రజనుగా తిరిగి చేరును. అయినను నూటికి ఇన్ని పాళ్ళని తరుగు కట్టుటయు, దానిపై మజూరీ వేరుగా వేయుటయు చూచినపుడు, ఊదుగొట్టము పట్టిన ఆ వృద్ధుని మనము నిలదీసిన తీరు గుర్తువచ్చి నాకు సిగ్గు వేయును. ఒకప్పుడు వానిముందు కండ్లార్పక కూర్చుండిన వారము, నేడు చల్లని గదిలో శీతలపానీయము త్రాగుచు చీటీలోని లెక్క చదువకుండ సంతకము పెట్టుచున్నాము.

చెరిపింపదగిన నగలు కలవు, తగనివి కలవు. నిరలంకారమైన గొలుసులు, మురుగులు, గాజులు, గుండ్లపేరు మొదలైనవి ఇంటిధనమును మెడయందు దాచుకొను ఉపాయములే గనుక, అవి చెరుగుటకే పుట్టినవనవచ్చును. వానియెడ నాకు జాలి లేదు. కాని కెంపులు పొదిగిన జడబిళ్ళ, నాగరము, వంకీ, పాపిటచేరు, అడ్డబాస వంటివాని సంగతి వేరు. వీనిలో రాతిచుట్టు కుందనపురేకును ఒత్తి ఒత్తి కూర్చిన పనికి త్రాసు లెక్క కట్టదు. ఆ నగను విప్పినపుడు రాళ్ళు, లక్క, రేకులు వేరై, బంగారము అంతగా ఉండదు, రాళ్ళకు వెల లేదందురు, చేతిపనికి సున్న. అటువంటి నగను ఫ్యాషను పోయినదని మూసలో వేయుట, తాటాకుపుస్తకమును పొయ్యిలోనికి పెట్టి వేణ్ణీళ్ళు కాచుకొనుట వంటిది. పుస్తెల మాట యెత్తనే వలదు. వానిని చెరిపింపుమను నాలుక తెలుగుదేశమున లేదు.

ఈ చెరుపుటవలన జరిగిన నష్టము చిన్నది కాదు. మన పూర్వస్త్రీలు ధరించిన నగలెట్టివో తెలియవలెనన్న, అమరావతి పాలరాతి పలకలయందును, 1213లో కట్టిన పాలంపేట రామప్పగుడి మదనికల మెడలయందును వెదకవలసివచ్చుచున్నది. ఆ నల్లరాతి స్త్రీల హారములు పూస పూసగా లెక్కపెట్టుటకు వీలుగా నేటికిని నిలిచియున్నవి. ఎవరిని చూచి శిల్పి చెక్కినాడో, ఆ సజీవస్త్రీల నగలు ఎన్నడో కూతురి పెండ్లికనియు, కరవుకనియు, కప్పమునకనియు కరిగి, మరల కరిగి, రూపులు మారి, ఒకవేళ ఈ ప్రసంగము వినుచున్న మీ చెవులలోనే దుద్దులై యుండిన ఉండవచ్చును.

మా గొలుసు కథ ముగించెదను. నా భార్య దానిని నలుబదియైదేండ్లకు పైగా ధరించినది. ఇప్పుడది చేరవలసినది అమెరికాలో డాలసు నగరమున నున్న మా మనుమరాలికి. ఆమెకు అంత బరువైన రెండుపేటలు నచ్చవు; ఆపీసునకు వేసికొనిపోవుటకు ఒంటిపేట సన్నగొలుసును, దానికి మామిడిపిందె పతకమును కావలెనని, తానే బొమ్మగీసి ఫోనులో పంపినది. పతకములో ఒక్క వజ్రము కావలెనట, దానికై 18 క్యారెట్లు చేయింపుమన్నది. "మా అత్తగారు పిసరు కలిపించింది గాని వన్నె దించలేదే" అని నా భార్య కొంచెము నొచ్చుకొన్నది; తుదకు పతకము 18కును, గొలుసు 22కును రాజీ కుదిరినది. అంగడికి పోక, మా ఊదుగొట్టపు ఆచారిగారి మనుమని వెదకి పట్టుకొంటిమి. అతడు బందరులో చిన్నగదిలో, గ్యాసుమంటతో పనిచేయుచున్నాడు. చుట్టును చిలకలపూడి గిల్టునగల వ్యాపారము పచ్చగా సాగుచుండగా, నిజమైన బంగారము పట్టినవానికి పని అంతంతమాత్రము.

అతడు గొలుసు తూచి, విప్పి, కొక్కెమును చూచి నిలిచినాడు.

"ఇది ఎఱ్ఱడాలుగా ఉంది మాష్టారూ. కొత్తదానితో వన్నె కలవదు. అతికితే ముద్ర దగ్గర పేచీ వస్తుంది. మూసలో వేసేద్దాం, ఆరు గురిగింజల ఎత్తు కూడా లేదు."

"అతకవద్దు బాబూ" అన్నది నా భార్య. "ముద్ర పడిన తర్వాత పక్కన చిన్న వలయంతో తగిలించు. వేరేగానే ఉండనీ."

అతడు భూతద్దము పెట్టి, ఆ సన్నని గాట్లను కొంతసేపు చూచి, ఇవేమిటని అడుగబోయి, ఎందులకో మానుకొన్నాడు. రసీదు పుస్తకము తీసి, గొలుసు తూకము వ్రాసి, క్రింద మరియొక పంక్తి చేర్చి చించి ఇచ్చెను. వీధిలోనికి వచ్చిన పిదప చదివితిని: "పాత కొక్కెము ఒకటి. చెరపలేదు."